మా అమ్మ గుప్పెడు, నా గుప్పెడు

పోయిన నెల మా చెల్లెలి కూతురు దివ్య ఊరి నుంచి ఫోన్ చేసింది. సముద్రం ఒడ్డున, మేం పుట్టి పెరిగిన చోటే, మరో నలుగురు ఆడవాళ్ళతో కలిసి చేపలు ఎండబెట్టే పని మొదలుపెట్టింది. మా రోజుల్లోలా ఇసకలో కాదు. వల పరిచిన ఎత్తు బల్లల మీద ఎండబెట్టి, ప్యాకెట్లు కట్టి ఊళ్ళకు పంపుతారట. "పెద్దమ్మా, అమ్మమ్మ కానాగంతలకి ఉప్పు ఏపాటి ఏసేది? కేజీకి ఎన్ని గ్రాములో సెప్పీ, రాసుకుంటాను" అంది. నాకు నవ్వొచ్చింది. మా అమ్మ బతుకులో గ్రాము అన్న మాటే లేదు. ఆ సంగతి చెబితే, "అన్నేళ్ళు పిల్లలకి లెక్కలు సెప్పినావు గదా, కనిపెట్టీలేవేటి?" అని దెప్పింది. ఫలానా లెక్క నీ వల్ల కాదు అని ఎవరైనా అంటే విని ఊరుకునే అలవాటు నాకు చిన్నప్పుడు లేదు, హైస్కూల్లో పనిచేసినప్పుడు లేదు, రిటైరయ్యాక కూడా రాలేదు. మర్నాడే శ్రీకాకుళంలో బస్సెక్కి, శ్రీకూర్మంలో దిగి, ఆటో పట్టుకుని ఊరికి వెళ్ళాను.

దివ్య షెడ్డులో కరెంటు కాటా ఉంది, నీలం రంగు ప్లాస్టిక్ తొట్లు ఉన్నాయి, పనిచేసేవాళ్ళ చేతులకు రబ్బరు తొడుగులు ఉన్నాయి. చూడ్డానికి ముచ్చటగా ఉంది. వాసన మాత్రం పాతదే. అప్పుడే చీల్చిన కానాగంత వాసన, దాని మీద తడి ఉప్పు వాసన, వాటి వెనక ఎక్కడి నుంచో వచ్చే తాటాకు పొగ వాసన. అది ముక్కుకి తగలగానే నా కుడిచెయ్యి దానంతటదే గుప్పెడు కట్టింది. దివ్య అది చూసి, "అద్గదీ, ఆ గుప్పెడే తూస్తాను, ఇలగ తే" అంది. "ఇది నా గుప్పెడే, అమ్మమ్మది కాదు" అన్నాను. ఆ రెండిటికీ తేడా ఏమిటో చెప్పాలంటే మా అమ్మ చెయ్యి విరిగిన ఏడాది గురించి చెప్పక తప్పదు.

మా నాన్న వేటకు వెళ్ళేవాడు. తెల్లవారుతూనే పడవ ఒడ్డుకు వచ్చేసరికి మా అమ్మ ఎర్రమ్మ చీర మోకాళ్ళ దాకా ఎగగట్టి నీళ్ళలో నిలబడి ఉండేది. పచ్చి చేపల్లో మేలైనవి బేరగాళ్ళు అక్కడికక్కడే పట్టుకుపోయేవారు. మిగిలిన కానాగంతలు గంపలో మా వాకిట్లోకి వచ్చేవి. అమ్మ కత్తిపీట ముందేసుకుని, ఒక్కో చేపనూ వీపు వైపు నుంచి చీల్చి, పేగులు తీసి, సముద్రం నీళ్ళతో కడిగి, ఉప్పు రాసి, మట్టి గోలెంలో వరసలుగా పేర్చేది. పైన తాటాకు చాప, చాప మీద బరువు రాయి. మర్నాడు తీసి ఎండలో పరవడం, కాకుల్ని తోలడం మా చెల్లెలి పని. చేప గలగలలాడేలా ఎండాక అమ్మ గంప నెత్తిన పెట్టుకుని మెట్ట ఊళ్ళకు పోయేది. రైతుల ఇళ్ళ ముందు గంప దించితే ఆడవాళ్ళు చేటలతో ధాన్యమో, మేం చోళ్ళనే రాగులో తెచ్చి పోసి, సరిపడా చేప తీసుకునేవారు. మేం తిన్న అన్నం, తాగిన అంబలి అంతా ఆ ఉప్పు చేపలోంచి వచ్చిందే. "ఎర్రమ్మ సేపకి పురుగు పట్టదు" అని ఆ ఊళ్ళలో అమ్మకి పేరుండేది. ఆ పేరంటే అమ్మకు మెళ్ళో పుస్తెలంత గురి.

ఉప్పు విషయంలో అమ్మకి ఉన్నన్ని పట్టింపులు దేవుడి దగ్గర కూడా ఉండేవి కావు. ఉప్పు లచ్చిమి. చేతిలోంచి చేతిలోకి ఇవ్వకూడదు, కింద పెడితే ఎదుటివాళ్ళు తీసుకోవాలి. ఎడమ చెయ్యి దాన్ని తాకకూడదు. పొరపాటున కాలికి తగిలితే కళ్ళకద్దుకోవాలి. వీటన్నిటికన్నా పెద్ద పట్టింపు మరొకటి. చేపకి వేసే ఉప్పుని గిన్నెతో గాని డబ్బాతో గాని కొలవకూడదు, గుప్పెటితోనే తియ్యాలి. కొలిస్తే లచ్చిమికి కోపం వచ్చి ఇల్లు విడిచిపోతుందట. మా గంప నిండా చేపకి పన్నెండు గుప్పెళ్ళు. వాళ్ళమ్మ అమ్మకు చెప్పింది, వాళ్ళమ్మకు ఆవిడ అమ్మ చెప్పింది. గంప సగమైతే ఆరు, పావు అయితే మూడు. అమ్మ బడి మొహం చూడలేదు గాని ఈ లెక్కలో తడుముకోవడం నేనెన్నడూ చూడలేదు.

ఒక పొద్దున పాచి పట్టిన రాతి మీద కాలు జారి, గంపతో సహా పడింది. కుడి మణికట్టు విరిగింది. పక్క ఊళ్ళో ఎముకలకి కట్లు కట్టే ముసలాయన ఉండేవాడు. కోడిగుడ్డు సొనలో గుడ్డ ముంచి చుట్టి, వెదురు బద్దలు పెట్టి బిగించి, కదపొద్దన్నాడు. అప్పుడు నేను ఏడో తరగతి. మా ఊళ్ళో బడి ఐదుతో సరి. ఆపైన చదవాలంటే పెద్ద ఊరికి నడిచి వెళ్ళాలి. మా ఒడ్డు నుంచి అలా నడిచే ఆడపిల్లని నేనొక్కదాన్నే. నాన్న కట్టు వంక చూసి, నా వంక చూసి, "పోలీని బడి మానిపించీ. ఇంట్లో సెయ్యి కావాల" అన్నాడు. ఆయనకి కోపమూ లేదు, జాలీ లేదు. పడవకి తెడ్డు కావాలి అన్నట్టే అన్నాడు.

నేను ఏడవలేదు. ఏడిస్తే మాట పోతుందని ఆ వయసుకే తెలుసు. "నానే ఉప్పేస్తాను. బడికీ ఎల్తాను" అన్నాను.

"రెండూ ఎలగవుతాదే గుంటా?" అంది అమ్మ.

"పడవొచ్చిన ఎంటనే కోసీసి, ఉప్పేసీసి ఎల్తాను. సాయంత్రం వొచ్చి మిగతాది సూస్తాను."

అమ్మ ఎడం చేత్తో కత్తిపీట నా వైపు జరిపింది. "సరే. గంపకి పన్నెండు, మరిసిపోకు. సేప సెడితే మాత్రం ఇంక బడి మాట ఎత్తకూడదు" అంది. అలా కుదిరింది మా ఒప్పందం.

మొదటి గంప కోసాను. వేలు తెగింది, గుడ్డ చుట్టుకుని మళ్ళీ కోసాను. ఉప్పు బుట్ట ముందు కూర్చుని అమ్మ వినేలా పైకి లెక్కపెడుతూ పన్నెండు గుప్పెళ్ళు తీశాను. ఒకటి ఎక్కువ లేదు, ఒకటి తక్కువ లేదు. గోలెం మీద రాయి పెట్టి, చేతులు కడుక్కుని, వాసనతోనే బడికి పరిగెత్తాను. నాలుగో రోజున బడి నుంచి వచ్చేసరికి అమ్మ వాకిట్లో ఎండు చేపల ముందు కూర్చుని ఉంది. చేప పైన ఎండింది, లోపల మెత్తబడింది. వెన్నుముల్లు దగ్గర తెల్లగా పురుగు కదులుతోంది. ఎర్రమ్మ చేపకి పురుగు పట్టింది. ఆ గంపంతా ఇసకలో గొయ్యి తీసి పాతిపెట్టాం.

"పన్నెండు ఎయ్యమన్నాను గదే!"

"పన్నెండే ఏసినానమ్మా. నువ్వు ఇన్నావు గదా!"

"నోటితో లెక్కెట్టినావు, సేత్తో దొంగాట ఆడినావు. బడికి టైమయిపోతన్నాదని తొందర నీకు."

నా ఒళ్ళు మండిపోయింది. తప్పు చేసి తిట్లు తింటే ఓర్చుకోవచ్చు. చెప్పింది చెప్పినట్టు చేసి తిట్లు తినడం ఎలా ఓర్చుకోవాలి? ఇంకొక్క గంప, ఆఖరుసారి అని బతిమాలాను. నాన్న తల అడ్డంగా ఊపాడు గాని, అమ్మ ఎందుకో "ఇంకోటి సూద్దాం" అంది.

మర్నాడు బడిలో లెక్కల మాస్టారు నల్లబల్ల మీద నిష్పత్తి, అనుపాతం అని రాశారు. నాలుగు గుర్రాలకి రోజుకి ఏడు శేర్ల ఉలవలైతే పన్నెండు గుర్రాలకి ఎన్ని శేర్లు అని అడిగారు. అంత్యాల లబ్ధం మధ్యమాల లబ్ధానికి సమానం అని అందరిచేతా వల్లె వేయించారు. నా మనసంతా పురుగు పట్టిన చేప మీద ఉంది. ఎందుకు అడిగానో తెలియదు, లేచి నిలబడి, "గుర్రాలన్నీ ఒకే సైజువేనా మాస్టారూ?" అన్నాను. తరగతి గొల్లుమంది. ఆయన మాత్రం నవ్వలేదు. "లెక్కలో గుర్రాలన్నీ ఒకటే అనుకోవాలమ్మా. పిల్లగుర్రం ఉంటే అది వేరే లెక్క" అన్నారు. నేను కూర్చుని, బల్ల కింద నా చెయ్యి తెరిచి చూసుకున్నాను. గంపకి పన్నెండు అన్నది మా అమ్మ చెయ్యి లెక్క. దాన్ని నేను నా చేతికి తగిలించుకున్నాను. అంకె సరైనదే, గుప్పెడే పిల్లది.

సాయంత్రం ఇంటికి వస్తూనే సత్తు గిన్నె పట్టుకుని అమ్మ దగ్గర కూర్చున్నాను. అమ్మ గుప్పెడు ఎంతో తేలాలి. కుడిచెయ్యి కట్టులో ఉంది. ఎడం చేత్తో ఉప్పు తియ్యమంటే ఆవిడ నన్ను తన్నినా తంతుంది. పైగా ఉప్పుని గిన్నెలో పొయ్యనివ్వదు. అందుకని ఉప్పు మాటే ఎత్తలేదు. "అమ్మా, ఎడం సేత్తో ఈ ఇసక గుప్పెడు తీసి గిన్నెలో పొయ్యి" అన్నాను. "ఏటే ఈ ఆటలు?" అంటూనే పోసింది. ఇసకకి పట్టింపుల్లేవు గదా. పొడి ఇసక, గిన్నె అంచు దాకా, ఆరు గుప్పెళ్ళకి నిండింది. గిన్నె బోర్లించి నేను పోశాను. పది గుప్పెళ్ళు పట్టాయి. తప్పేమోనని మళ్ళీ పోశాను. మళ్ళీ పదే.

పుల్ల తీసుకుని ఇసకలోనే రాశాను. అమ్మవి ఆరైతే నావి పది. అమ్మవి పన్నెండైతే నావి ఎన్ని? తెలియనిదాని చోట చిన్న గుండ్రం గీశాను. పదిని పన్నెండుతో గుణించి ఆరుతో భాగించాను. ఆ గుండ్రంలో ఇరవై అని రాసినప్పుడు నాకు కలిగిన సంతోషం, తర్వాత నేను పాసైన ఏ పరీక్షలోనూ కలగలేదు. అబద్ధం ఆడలేదని నా ఇసకే సాక్ష్యం చెప్పింది. అమ్మకు చూపిస్తే, "ఇరవయ్యా! సేప సేదయిపోతాది" అంది. నేను వినలేదు. తర్వాతి గంపకి ఇరవై గుప్పెళ్ళు రాశాను. చేప ఎండాక అమ్మ ఒకటి విరిచింది, వాసన చూసింది, చిన్న ముక్క నోట్లో వేసుకుని చాలాసేపు నమిలింది. మెచ్చుకోలేదు. గంపలో సర్దడం మొదలుపెట్టింది. కట్టు ఉన్నన్నాళ్ళూ నేను ఉప్పు వేస్తూనే ఉన్నాను, బడికి వెళుతూనే ఉన్నాను. నా పక్కన కూర్చునే పిల్లలు ముక్కు మూసుకునేవారు, మూసుకోనీ అనుకున్నాను.

దివ్యకి ఇక్కడిదాకా చెప్పేసరికి, "అయితే గ్రాములెన్ని?" అని అడిగింది. చిక్కు అక్కడే వచ్చింది. ఆరుకి పది అన్న నిష్పత్తి నాకు నా పేరంత బాగా గుర్తుంది. కాని నిష్పత్తి ఒక్కటే ఉంటే లాభం లేదు, రెండిట్లో ఒక్క పరిమాణమైనా చేతిలో ఉండాలి. అమ్మ పోయింది. ఏడో తరగతి పిల్ల చెయ్యి కూడా ఎప్పుడో పోయింది. ఆ గంపా లేదు, ఆ గిన్నే లేదు. ఆ రోజుల్లో గంప నిండేది. ఇప్పుడు దివ్యకి వచ్చే కానాగంతలు చిన్నవి, అవి కూడా రోజూ రావు. అప్పుడు చేప దండిగా ఉండేది, కొలత చేతుల్లో ఉండేది. ఇప్పుడు చీమ తలంత తేడా చెప్పే కాటా ఉంది, తూచడానికి చేపే తగ్గింది. ఏది మేలో నన్నడిగితే, పురుగు పట్టిన గంపని పాతిపెట్టినదాన్ని గనక కాటానే కోరుకుంటాను. మూడు తొట్లలో మూడు రకాలుగా ఉప్పు తూచి వేయించాను. ఒకటి చేదయింది, ఒకటి మెత్తబడింది, మూడోది దగ్గరకొచ్చింది గాని అమ్మ చేప రుచి ఇంకా కాదు. దానికి అటూ ఇటూగా మరో మూడు తొట్లకి ఉప్పు వేయిస్తున్నాను. ఆ రుచి నా నాలుక మీద ఉంది, అదొక్కటే ఇప్పుడు తెలిసిన పరిమాణం. తేలేదాకా వదిలేది లేదు.

అమ్మ కట్టు విప్పిన తర్వాత సంగతి మాత్రం దివ్యకి చెప్పలేదు.

కట్టు విప్పిన రోజున అమ్మ పాపం పండగ చేసుకుంది. తలంటు పోసుకుని, ఉప్పు బుట్టకి దణ్ణం పెట్టి, "ఇంక నువ్వు ఎల్లిపో, నాను సూసుకుంటాను" అంది. నాకూ ప్రాణం లేచొచ్చింది. గుమ్మం దగ్గర పుస్తకాలు సర్దుకుంటూ చూస్తున్నాను. అమ్మ గుప్పెడు తీసింది. చిటికెన వేలు, దాని పక్క వేలు ముడుచుకోవడం లేదు. వాటి సందులోంచి ఉప్పు కారుతోంది. అమ్మ కళ్ళు చేప మీద ఉన్నాయి, చేతి మీద లేవు. పన్నెండు లెక్కపెట్టి ఆపేసి, గోలెం మీద చాప కప్పింది.

గుమ్మంలో నిలబడిపోయాను. చెప్పకపోతే ఈ గంపకి పురుగు పడుతుంది. చెబితే, చెయ్యి పనికిరాదని తేలుతుంది, అప్పుడిక ఇంట్లో ఉప్పు వేసే చెయ్యి నాదొక్కటే. కట్టయితే ఎప్పుడో ఒకప్పుడు విప్పుతారు. ఇది విప్పేది కాదు. నాన్న మాట ఈసారి ఎవరూ కాదనలేరు. పుస్తకాలు కింద పెట్టేశాను. సత్తు గిన్నె తెచ్చి ఇసకలో పెట్టాను.

"అమ్మా, ఓపాలి కుడి సేత్తో పొయ్యి."

"మళ్ళీ ఏటే?"

"పొయ్యి. నాను సెప్తాను గదా."

ఆరు పోసింది. గిన్నె నిండలేదు. ఇసక అంచుకి చాలా కిందనే ఆగింది. అమ్మ గిన్నె వంక చూసింది, బోర్లించింది, మళ్ళీ తనే ఆరు పోసింది. ఈసారి గట్టిగా, పళ్ళ బిగువున పోసింది. అయినా నిండలేదు. అప్పుడు చెయ్యి తిప్పి చూసుకుంది. మా అమ్మ ఏడవడం నేను మొదటిసారి చూసింది అప్పుడే. "సెయ్యి సచ్చిపోనాదే పోలీ. ఎర్రమ్మ పని అయిపోనాది" అంది.

"సచ్చిపోలేదు. ఇంకా పొయ్యి" అన్నాను. నా గొంతు నాకే కరుకుగా వినిపించింది. ఏడు. ఎనిమిది. నిండింది. "సూడు. అప్పుడు ఆరు, ఇప్పుడు ఎనిమిది. అంతే. సెయ్యి అదే, లెక్క మారినాది."

"గంపకి పన్నెండేనే. మాయమ్మ లెక్క అది."

"మీయమ్మ సెయ్యి ఇరగలేదు గదా" అన్నాను.

కొడుతుందనుకున్నాను. కొట్టలేదు. కొంగుతో మొహం తుడుచుకుని, "అయితే గంపకెన్ని?" అంది. మా అమ్మ నన్ను ఒక సంగతి అడిగి తెలుసుకోవడం అదే మొదలు. పుల్లతో ఇసకలో రాశాను. ఆరుకి ఎనిమిదైతే పన్నెండుకి ఎన్ని? "పదహారు" అన్నాను. "నీకు పదహారు. సేప సెడదు."

అమ్మ గోలెం మీద చాప తీసింది. పై వరస చేపలు తిరగేసి, మళ్ళీ ఉప్పు బుట్ట దగ్గర కూర్చుంది. పన్నెండు దగ్గర ఆగిన చోటు నుంచి అందుకుని, సందు పడ్డ వేళ్ళతోనే, పైకి లెక్కపెట్టింది. పదమూడు. పద్నాలుగు. పదిహేను. పదహారు. చేప మీద ఉప్పు రాసి, చాప కప్పి, రాయి ఎత్తడానికి నేను వంగితే నన్ను మోచేత్తో పక్కకి నెట్టి తనే ఎత్తి పెట్టింది. అప్పుడు తలెత్తి చూసి కసిరింది:

"ఇంకా ఇక్కడే ఉన్నావేటి? ఇంట్లో సెయ్యి ఉన్నాది. నువ్వు బేగి బడికి ఎల్లు."